అన్నీ ఆన్ చేసి పెట్టి "వద్దనుకుంటే ఆఫ్ చేసుకోండి" అంటే అది మనం ఒప్పుకున్నట్టేనా?

నీలిమేఘం

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ నా చేతికిచ్చి "నా ఫోటో కింద ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు కామెంట్లు పెడుతున్నారే, నేను మనవాళ్ళు చూస్తారని కదా పెట్టాను" అంది. చూస్తే అకౌంట్ మొదట్నించీ పబ్లిక్. ఆవిడ పబ్లిక్ చెయ్యలేదు, తెరిచిన రోజే అలా ఉంది, ఆవిడ ముట్టుకోలేదు అంతే. ఎలాగూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను కదా మిగతావీ చూద్దామని కూర్చున్నా, 40 నిమిషాలు పట్టింది. ఫోన్ నంబరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు, ఆన్. కాంటాక్టులన్నీ యాప్‌కి అప్‌లోడ్, ఆన్. ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు పచ్చచుక్క అందరికీ కనపడాలి, ఆన్. వేరే సైట్లలో ఏం చూసిందో దాన్నిబట్టి యాడ్స్, ఆన్. రాసినవీ పెట్టిన ఫోటోలూ ఏఐ ట్రైనింగ్‌కి వాడుకోవచ్చు, అదీ ఆన్, పైగా అది ఎక్కడో నాలుగు స్క్రీన్ల లోపల ఉంది, వెతుకుతున్నాను కాబట్టి దొరికింది.

ఒకటి ఆఫ్ చెయ్యబోతే ఏమైందో చెప్తా. బటన్ పక్కకి జరపగానే ఒక బాక్స్ లేచింది, ఇది ఆపేస్తే యాప్ మీకు అంత బాగా పనిచెయ్యకపోవచ్చు అన్నట్టుగా. కింద నీలం రంగులో వెడల్పాటి బటన్ "ఆన్‌లోనే ఉంచు". దాని కింద బూడిదరంగు సన్నటి అక్షరాలు, బటన్‌లా కూడా లేవు, "ఆఫ్ చెయ్యి". అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూడా ఆ రెండోది గమనించలేదు, వేలు నేరుగా నీలం దానిమీదకే వెళ్ళింది. అప్పుడంది "వీటన్నిటికీ నేనెప్పుడు ఒప్పుకున్నానే?" అని.

అదే ప్రశ్న ఇక్కడ అడుగుతున్నా. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, వీళ్ళు దాన్ని పూర్తి అంగీకారం కింద రాసేసుకున్నారు. ముందు ఆఫ్‌లో పెట్టి, కావాలా అని అడిగి, కావాలన్నవాళ్ళకి ఆన్ చేస్తే ఏం పోతుంది?

కోడ్‌పిట్ట

ఏం పోతుందంటే, దాదాపు అంతా పోతుందండి వాళ్ళకి. నేను కొన్నాళ్ళు ఒక యాప్ కంపెనీలో పనిచేశా, పేరు వద్దు. కాంటాక్టులు అప్‌లోడ్ చేసే ఫీచర్ మా టీమే కట్టింది. ముందు రెండు రకాలుగా పెట్టి చూశారు, కొంతమందికి ఆఫ్‌లో పెట్టి అడిగారు, కొంతమందికి ఆన్‌లో పెట్టి వద్దంటే తీసెయ్యమన్నారు. అడిగినచోట కావాలన్నవాళ్ళు చాలా తక్కువ, ఆన్‌లో పెట్టినచోట తీసేసినవాళ్ళు అంతకన్నా తక్కువ. ఫీచర్ అదే, మాటలు అవే, జనమూ ఒకే రకం జనం. మీటింగ్‌లో రెండు అంకెలూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టారు, ఐదు నిమిషాల్లో తేలిపోయింది, ఆన్ అని. జనం ఏది కోరుకుంటున్నారు అనే మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు, నేను కూడా ఎత్తలేదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

డిఫాల్ట్, అంటే మనం ముట్టుకోకపోతే ముందే ఉండే సెట్టింగ్, దాని బలం ఎంతుంటుందో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో అవయవదానం గురించి రాశారు. జర్మనీలో దానానికి ఒప్పుకుంటున్నా అని మనమే నమోదు చేసుకోవాలి, ఒప్పుకున్నవాళ్ళు 12 శాతం. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, అక్కడ 99.98 శాతం. భాష ఒకటే, సరిహద్దు దాటితే మనుషుల మనసులు అంత మారిపోవు కదా, మారింది ఫారమ్ ఒక్కటే.

ఇంకోటి, గూగుల్ తన సెర్చ్‌ని ఐఫోన్ సఫారీలో డిఫాల్ట్‌గా ఉంచడానికి 2022 ఒక్క సంవత్సరంలో ఆపిల్‌కి 20 బిలియన్ డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. సెర్చ్ మార్చుకోడానికి నాలుగు నొక్కులు చాలు, ఎవరైనా మార్చుకోవచ్చు. మార్చుకోరని తెలుసు కాబట్టే అంత డబ్బు. ఇదంతా చూశాక "యూజర్‌కి ఛాయిస్ ఇచ్చాం కదా" అంటే నేను నమ్మలేను.

నిదానం

నేను కొంచెం అటువైపు మాట్లాడతా, తిట్టకండి.

ఆస్ట్రియా లెక్క అందరూ చెప్తారు కానీ అది కాగితం మీది ఒప్పుకోలు, నిజంగా అవయవాలు ఇచ్చేటప్పుడు చాలాచోట్ల కుటుంబాన్ని మళ్ళీ అడుగుతారు, అందుకని అసలు దానాల్లో తేడా అంత ఉండదు. డిఫాల్ట్‌కి బలం ఉందంటే ఒప్పుకుంటా, అన్నీ అదే నడిపిస్తుందంటే ఒప్పుకోను.

రెండోది, ప్రతిదానికీ అడగడం మొదలుపెడితే ఏమవుతుందో యూరప్ కుకీ బాక్సుల్లో చూశాం, మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్ళే కుకీలు, వాటికి ఒప్పుకుంటారా అని అడిగే బాక్సులు. సైటు తెరిస్తే బాక్స్, ఇంకో సైటు తెరిస్తే ఇంకో బాక్స్, ఎవరు చదువుతున్నారు? పని జరిగితే చాలని అందరూ సరే సరే అని నొక్కుకుంటూ పోతున్నారు, అడగడం వల్ల ఒరిగిందేమిటి? కొత్తగా చేరినవాడిని ముప్ఫై ప్రశ్నలు అడిగితే మధ్యలోనే వదిలేసి పోతాడు. సోషల్ మీడియా అంటేనే నలుగురికీ కనపడటం, ఏమీ కనపడకుండా మొదలైతే చేరినవాడికి అక్కడ మనుషులే కనపడరు. నీలిమేఘం గారి అమ్మగారి విషయంలో తప్పు జరిగింది నిజమే, అలాగని అన్ని ఫీచర్లనీ ఒకే గాటన కట్టకూడదు.

నీలిమేఘం

నిదానం గారూ, తిట్టడం ఎందుకండీ, మీరు చెప్పిన కుకీల మాట నిజమే, నేనూ చదవకుండానే నొక్కుతా. కానీ అక్కడ కూడా ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి మూడు నొక్కులు పెట్టింది ఎవరు? అడగడం వల్ల జనం విసిగిపోలేదు, విసిగిపోయేలా అడిగారు. ముప్ఫై ప్రశ్నలు ఎందుకు వస్తున్నాయంటే ముప్ఫై రకాలుగా వాడుకోవాలనుకుంటున్నారు కాబట్టి. అన్నీ ఆఫ్‌లో ఉంచేస్తే ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు కదా, ఆ ఫీచర్ అవసరం పడ్డ రోజు, ఆ క్షణంలో అడగొచ్చు. ఫోన్‌లో మొదటిసారి ఫోటో తియ్యబోతే కెమెరా వాడనా అని అడుగుతుంది, అప్పుడు ఎవరికీ విసుగు రాదు, ఎందుకడిగిందో కళ్ళముందే ఉంటుంది.

లాపాయింటు

కుకీల గురించి ఒక్క సవరణ. వద్దనడం ఒప్పుకున్నంత తేలిగ్గా ఉండాలన్నది యూరప్‌లో ఇప్పుడు జరిమానా పడే విషయం. 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా సంస్థ సీఎన్ఐఎల్ సరిగ్గా దీనిమీదే గూగుల్‌కి 150 మిలియన్ యూరోలు, ఫేస్‌బుక్‌కి 60 మిలియన్ యూరోలు వేసింది. ఆ తర్వాతే "అన్నీ తిరస్కరించు" బటన్ పక్కకి వచ్చి నిలబడింది.

అసలు ప్రశ్నకి వస్తే, 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఈ మాట నేరుగానే చెప్తుంది, మౌనంగా ఉండటం, ముందే టిక్కు పెట్టిన గడి, ఏమీ చెయ్యకపోవడం, ఇవేవీ సమ్మతి కాదు అని. 2019 అక్టోబర్ 1న యూరప్ కోర్టు ప్లానెట్49 కేసులో అదే ఖాయం చేసింది. అక్కడ ఒక లాటరీ సైటు కుకీల గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచింది, యూజర్ తియ్యలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అంది, కోర్టు కుదరదంది. ఇంకా అదే చట్టంలో 25వ ఆర్టికల్ ఉంది, మనిషి తనంతట తాను ఏదో ఒకటి చేస్తే తప్ప అతని సమాచారం లెక్కలేనంతమందికి డిఫాల్ట్‌గా అందకూడదు అని. అమ్మగారి అకౌంట్ కథ అచ్చంగా ఇదే. 2023 సెప్టెంబర్లో టిక్‌టాక్‌కి ఐర్లాండ్ వేసిన 345 మిలియన్ యూరోల జరిమానాలో పెద్ద భాగం పిల్లల అకౌంట్లు డిఫాల్ట్‌గా పబ్లిక్‌లో పెట్టడం గురించే. అంతకుముందు ఏడాది ఇన్‌స్టాగ్రామ్‌కి 405 మిలియన్లు, అదీ పిల్లల విషయమే.

అమెరికా దారి వేరు. 2003 నాటి ఈమెయిల్ చట్టం కాన్-స్పామ్ పంపడం మొదలుపెట్టొచ్చు, వద్దంటే ఆపాలి అంటుంది. 2020లో అమల్లోకొచ్చిన కాలిఫోర్నియా చట్టం కూడా పెద్దవాళ్ళకి అదే పద్ధతి, మీ డేటా అమ్మొద్దని మీరే చెప్పుకోవాలి. కానీ 16 ఏళ్ళలోపు వాళ్ళ డేటా అమ్మాలంటే మాత్రం ముందు అడిగి తీరాలి. ఇక్కడే నాకు అర్థం కాని సంగతి ఉంది, పిల్లల దగ్గరికొచ్చేసరికి అడగటం సాధ్యమైనప్పుడు పెద్దవాళ్ళ దగ్గర ఎందుకు కాదు? భారత్‌లో 2023 డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్పష్టమైన చర్యతోనే ఇవ్వాలంటుంది.

పాతకాపు

ఇది ఇయ్యాల్టి సంగతి కాదు తమ్మీ. నేను మొదట్నుంచి చూస్తనే ఉన్న. 2007 నవంబర్ల ఫేస్‌బుక్ బీకన్ అని తెచ్చింది, నువ్వు వేరే సైటుల ఏమన్న కొంటే ఆ ముచ్చట నీ దోస్తుల ఫీడ్‌ల పడేది. ఒకాయన తన భార్యకు తెల్వకుంట ఉంగరం కొన్నడు, ఆమెకు ఇద్దామనుకునే లోపట్నే ఆ కొన్న సంగతి ఆమెకే కనపడ్డది. గొడవైనంక డిసెంబర్ల జకర్‌బర్గ్ సారీ చెప్పి అడిగినంకనే పెడతమని మార్చిండు, 2009ల మొత్తానికే మూసేసిర్రు, కోర్టుల 9.5 మిలియన్ డాలర్ల రాజీ అయింది.

2010 ఫిబ్రవరిల గూగుల్ బజ్, జీమెయిల్‌లనే పెట్టిన సోషల్ నెట్‌వర్క్. నువ్వు జీమెయిల్‌ల ఎవరికి ఎక్కువ మెయిళ్ళు రాస్తవో వాళ్ళను అదే ఫాలో చేసింది, ఆ లిస్టు బయటోళ్ళకు కూడ కనపడేటట్టు పెట్టింది. ఆలోచించు, నువ్వు ఎక్కువ మెయిళ్ళు రాసేది డాక్టర్‌కు గావచ్చు, వకీలుకు గావచ్చు, విడిపోయిన మనిషికి గావచ్చు. పాడు ఉద్దేశంతోని చేసిర్రని నేననను, ఖాళీ ఫీడ్ చూపియ్యొద్దని చేసిర్రు. నిదానం భయ్ చెప్పిన కారణమే గది. గందుకే ఆ కారణం నాకు సరిపోదు. అమెరికల వినియోగదారుల దిక్కు చూసే సర్కారు సంస్థ ఎఫ్‌టీసీ, గూగుల్ మీద 20 ఏండ్ల ప్రైవసీ ఆడిట్లు పెట్టింది, బజ్ 2011ల బందైంది.

ఇంకో ముచ్చట. 2009 డిసెంబర్ల ఫేస్‌బుక్ ప్రైవసీ మార్చినప్పుడు సిఫార్సు అని "అందరికీ" అన్నదే చూపెట్టింది. మళ్ళ 2014 మేల కొత్తోళ్ళ పోస్టులకు డిఫాల్ట్ "ఫ్రెండ్స్" చేసింది. అంటే ఐదేండ్లల్ల వాళ్ళకే తెల్సొచ్చింది. ఆ నడుమ చేరినోళ్ళు ఎంతమంది ఎన్ని రాసుకున్నరో, అవన్ని మళ్ళ ఎవరు ముయ్యాలె?

తుమ్మెద

అందరూ మన డేటా, మన ఒప్పుకోలు అంటున్నారు. నా గోడు వేరే. నేను ఒప్పుకోలేదు, ఆఫ్ కూడా చేశా, అయినా తప్పించుకోలేకపోయా.

ఒక మనిషి నుంచి దూరంగా రావాల్సి వచ్చింది, వివరాలు వద్దు. నంబరు మార్చా, కొత్త ఈమెయిల్‌తో కొత్త అకౌంట్ తెరిచా, ఫోటో కూడా పెట్టలేదు, కాంటాక్టులు అప్‌లోడ్ చెయ్యాలా అంటే వద్దన్నా. మూడు వారాల్లో ఆ మనిషి నుంచి రిక్వెస్ట్ వచ్చింది. ఎలా అని తల బద్దలు కొట్టుకున్నా. తర్వాత అర్థమైంది, నా కొత్త నంబరు ఇద్దరు ముగ్గురు దగ్గరవాళ్ళకి ఇచ్చా, వాళ్ళలో ఎవరి ఫోన్‌లోనో కాంటాక్టుల అప్‌లోడ్ ఆన్‌లో ఉంది, వాళ్ళకి కూడా తెలీదు అది ఆన్‌లో ఉందని. వాళ్ళకీ ఆ మనిషికీ కామన్‌గా తెలిసినవాళ్ళు ఉన్నారు. యాప్ చుక్కలన్నీ కలిపేసి "మీకు తెలిసినవారు కావచ్చు" అని చూపించేసింది. అదే జరిగిందని రుజువు చెయ్యలేను, వేరే దారి మాత్రం నాకు కనపడలేదు.

మా అక్క తన ఫోన్ చూసుకుని ఏడ్చింది, "నేనేం నొక్కలేదే" అని. నిజమే, తనేం నొక్కలేదు. అదే కదా బాధ. తను ఏమీ చెయ్యకపోవడం వల్ల నా నంబరు వెళ్ళిపోయింది. ఇందులో ఆప్ట్ ఔట్, అంటే వద్దని చెప్పి ఆఫ్ చెయ్యాల్సింది నేనా, అక్కా? నాకైతే ఆ బటనే లేదు.

కోడ్‌పిట్ట

తుమ్మెద గారూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. నేను పైన చెప్పిన ఫీచర్ ఇదే. దానివల్ల ఇలా జరుగుతుందని ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు, తట్టి ఉండాల్సింది.

ఇది చదివాక నా లెక్క కొంచెం మారింది. ఆప్ట్ ఇన్ (ముందు అడిగి ఆన్ చెయ్యడం) మంచిది, ఆప్ట్ ఔట్ చెడ్డది అని గీత గీసేస్తే కుదరదు. వాట్సాప్ 2016 ఏప్రిల్లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప ఎవరూ చదవలేని తాళం, అందరికీ డిఫాల్ట్‌గా పెట్టింది, ఎవర్నీ అడగలేదు, వందకోట్ల మందికి ఒక్కసారిగా రక్షణ వచ్చింది. టెలిగ్రామ్‌లో అదే రక్షణ కావాలంటే సీక్రెట్ చాట్ అని మనమే విడిగా తెరవాలి, మామూలు చాట్‌లో ఉండదు, తెరిచేవాళ్ళు ఎంతమంది? మళ్ళీ వాట్సాప్‌లోనే చాట్ బ్యాకప్‌కి ఆ తాళం 2021లో వచ్చింది కానీ అది మనం వెళ్ళి పెట్టుకుంటేనే. అందుకని నేను చూసేది ఒకటే, ఆన్‌లో పెట్టడం వల్ల లాభం ఎవరికి, తప్పు జరిగితే దెబ్బ ఎవరికి? రెండూ ఒకరికే అయితే సరే. లాభం కంపెనీకి, దెబ్బ యూజర్‌కి, అంతకన్నా ఘోరం ఆ యాప్‌లో లేని మూడో మనిషికి అయితే అది ఆఫ్‌లోనే మొదలవ్వాలి.

నిదానం

తుమ్మెద గారి విషయంలో నా దగ్గర వాదన లేదు. కాంటాక్టులు అప్‌లోడ్ చెయ్యడం అడక్కుండా ఉండకూడదు, ఒప్పుకుంటున్నా. అసలు అక్క ఒప్పుకున్నా సరిపోదేమో, నంబరు అక్కది కాదు కదా.

కానీ యాడ్స్ సంగతి వేరనుకుంటా. చాలామందికి తమకు పనికొచ్చే యాడ్స్ వస్తే పర్లేదు, అడిగితే సరే అంటారు, అడగకపోయినా పెద్ద నష్టం లేదు, ఉచితంగా నడుస్తోంది కదా అది.

లాపాయింటు

అడిగితే సరే అంటారన్నది మనం ఊహించక్కర్లేదండీ, జరిగి చూపించింది. 2021 ఏప్రిల్లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఆపిల్ ఒక్క ప్రశ్న పెట్టింది, ఈ యాప్ మిమ్మల్ని వేరే యాపుల్లో, సైట్లలో కూడా ట్రాక్ చెయ్యొచ్చా అని. అంతకుముందు కూడా ఆపేసుకునే వీలుంది, సెట్టింగ్స్ లోపల ఎక్కడో. కొత్తగా వచ్చింది ప్రశ్న ఒక్కటే, రెండు జవాబులూ ఒకే సైజులో ఒకదాని కింద ఒకటి. 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ మెటా తనే చెప్పింది, దీనివల్ల ఆ ఏడాది ఆదాయంలో సుమారు 10 బిలియన్ డాలర్ల దెబ్బ ఉండొచ్చని. జనం నిజంగా సరే అనేవాళ్ళే అయితే ఆ దెబ్బ పడేది కాదు. ఆపిల్‌కి తన లెక్కలు తనకుంటాయి, దాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు, అడగనంతకాలం మన మౌనాన్ని ఇష్టం అనుకుని లెక్కేశారన్నది మాత్రం తేలిపోయింది.

కోడ్‌పిట్ట

ఇక ఏఐ ట్రైనింగ్, నీలిమేఘం గారు మొదట చెప్పినది. మిగతా సెట్టింగులకీ దీనికీ పెద్ద తేడా ఉంది, ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. అకౌంట్ పబ్లిక్ నుంచి ప్రైవేట్ చేస్తే రేపట్నించి కొత్తవాళ్ళు చూడలేరు. కాంటాక్టులు తీసెయ్యమంటే సర్వర్‌లోంచి చెరిపే వీలైనా ఉంటుంది. ఒకసారి మోడల్ ట్రైనింగ్‌లోకి వెళ్ళిన పోస్టుని మళ్ళీ వెనక్కి తియ్యడం అలా కుదరదు, కాగితం మీద పడ్డ సిరాచుక్కలా కాదు అది, నీళ్ళలో కలిపిన సిరా. కాబట్టి తర్వాత ఆఫ్ చేసుకోండి అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోమనడమే.

2024 జులైలో ఎక్స్‌లో (పాత ట్విట్టర్) దాని ఏఐ చాట్‌బాట్ గ్రోక్ కోసం పోస్టులు వాడే సెట్టింగ్ ఆన్‌లో ఉందని జనం వాళ్ళంతట వాళ్ళు కనుక్కున్నారు, ఆగస్టులో ఐర్లాండ్ రెగ్యులేటర్ హైకోర్టుకి వెళ్ళాక యూరప్ డేటా వాడకం ఆపారు. సెప్టెంబర్లో లింక్డిన్‌లోనూ అదే, ఆన్‌లో ఉంది, యూరప్‌లో మాత్రం అప్పట్లో పెట్టలేదు. మెటా 2025 మే 27 నుంచి యూరప్‌లో పెద్దవాళ్ళ పబ్లిక్ పోస్టులు వాడటం మొదలుపెట్టింది, వద్దనుకుంటే ఫారమ్ నింపాలి. చూడండి, చట్టం గట్టిగా ఉన్నచోట ఆగారు, లేదా కనీసం ఫారమ్ పెట్టారు. కాబట్టి టెక్నికల్‌గా కుదరదు అన్న మాట ఎవరైనా చెప్తే నమ్మకండి.

పాతకాపు

ఒక్కటి మంచిది కూడ చెప్పాలె. ఫేస్‌బుక్ ఫోటోల మొఖాలు గుర్తుపట్టేది ఏండ్లపాటు చానామందికి ఆన్‌లనే ఉండె. 2019 సెప్టెంబర్ల అడిగినంకనే అని మార్చిర్రు, 2021 నవంబర్ల మొత్తం ఆపేసి వందకోట్లకు పైన మొఖాల లెక్కలు చెరిపేస్తమని చెప్పిర్రు. కేసులు, జరిమానాలు, జనం ఒత్తిడి అన్ని కలిస్తే అయింది. ఒక్కలం సెట్టింగ్స్‌ల కూసుండి బటన్లు నొక్కుకుంట పోతే గాదు.

నీలిమేఘం

అందరికీ చాలా థాంక్స్. తుమ్మెద గారూ, మీ పోస్టు చదివాక నేను మొదట చేసిన పని నా ఫోన్‌లో కాంటాక్టుల అప్‌లోడ్ చూసుకోవడం. ఆన్‌లో ఉంది. ఇన్నేళ్ళూ. ఆఫ్ చేశా, అంతకుముందు వెళ్ళినవి చెరిపెయ్యడానికి ఇంకో పేజీ వేరే ఉంది, అది కూడా చేశా, ఆఫ్ చేసినంత మాత్రాన పాతవి పోవు, ఎవరైనా చేస్తుంటే గుర్తుపెట్టుకోండి. నా ఫోన్‌లో ఉన్న నంబర్లవాళ్ళలో మీలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు కదా.

ఇవాళ సాయంత్రం అమ్మతో మళ్ళీ కూర్చున్నా. ఈసారి నేను ముట్టుకోలేదు. ఒక్కోటి చదివి చెప్పా, ఇది ఆన్‌లో ఉంటే ఇలా జరుగుతుంది, ఆఫ్‌లో ఉంటే ఇలా, నీ ఇష్టం అని. అకౌంట్ ప్రైవేట్ చేసుకుంది. నంబరుతో వెతకడం తీసేసింది. ఏఐ దానికి "నా ఫోటోలు వాళ్ళకెందుకూ" అని ఆఫ్. పచ్చచుక్క దగ్గర మాత్రం ఆగింది. "ఇది ఉంటే నేను మేలుకునే ఉన్నానని నీకు తెలుస్తుంది కదా, ఫోన్ చేస్తావు" అంది, ఫ్రెండ్స్‌కి మాత్రం కనపడేలా పెట్టి ఆన్‌లోనే ఉంచింది.

తుమ్మెద

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. వచ్చే పెద్ద అప్‌డేట్ తర్వాత ఇంకోసారి తెరిచి చూడండి, నాకు రెండు సార్లు మళ్ళీ ఆన్ అయిపోయి కనపడ్డాయి.